బ్రిడ్జ్ బిడ్డింగ్: రెండు బిడ్లూ సరిపోతాయనిపిస్తే ఏది ఎంచుకోవాలి?

బ్రిడ్జ్ నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట. ఏ సూట్ (రంగు) తురుపుగా ఎన్ని పట్లు గెలుస్తామో ఆటకి ముందు వేలంలా చెప్పుకోవడమే బిడ్డింగ్. అందులో పార్ట్‌నర్‌తో మాట్లాడటానికి మనకున్న మాటలు మొత్తం 38. 1 కళావరు (కళావరు తురుపుగా 6+1 పట్లు) నుంచి 7 నోట్రంప్ (తురుపు లేకుండా 13 పట్లూ) వరకు 35 బిడ్లు, వాటికి తోడు పాస్, డబుల్, రీడబుల్. పదమూడు ముక్కల చెయ్యి మాత్రం 63,501 కోట్లకు పైగా రకాలుగా రావచ్చు. అందుకే ఏ బిడ్డూ మన చేతిని ఉన్నదున్నట్టు చెప్పలేదు. "ఈ చేతికి కరెక్ట్ బిడ్ ఏది?" అని వెతికేవాళ్ళు చిక్కుల్లో పడేది ఇక్కడే. చాలా చేతులకు అలాంటి బిడ్ ఉండదు. రెండు మూడు బిడ్లు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి, ఒక్కోటీ ఒక్కో చోట తప్పు చెబుతుంది.

అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. ఈ బిడ్ విన్నాక నా చేతిలో ఏముందని పార్ట్‌నర్ అనుకుంటారు? ఆ ఊహకీ నా ముక్కలకీ తేడా ఎంత? ఆ తేడా వల్ల మాకు పోయేదెంత?

తప్పులన్నీ ఒకే ఖరీదు చెయ్యవు. మేజర్ సూట్‌లో, అంటే ఇస్పేటులోనో ఆఠీనులోనో, లేని ముక్క ఉందని చెప్పడం అన్నిటికంటే ఖరీదైనది. పార్ట్‌నర్ ఆ మాట నమ్మి దాన్నే తురుపు చేసేస్తారు, ఆట మధ్యలో తురుపు ముక్కలు చాలవు. దాని తర్వాతది బలం గురించిన తప్పు. ఒక పాయింట్ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. మూడు పాయింట్లు ఎక్కువ చెప్పామంటే చేతిలో లేని రాజును ఉన్నట్టు చెప్పామన్నమాట, గేమ్ (బోనస్ వచ్చే మెట్టు: 3 నోట్రంప్, మేజర్‌లో 4, మైనర్‌లో 5) లేని చోట గేమ్‌కి వెళ్ళిపోతాం. మైనర్ సూట్‌లో, అంటే డైమనులోనో కళావరులోనో, ఒక ముక్క తేడా చెప్పడం వీటిలో చవకైన తప్పు. 5 కళావరు గెలవాలంటే 11 పట్లు కావాలి, 3 నోట్రంప్‌కి 9 చాలు, కాబట్టి మైనర్ సూట్ తురుపుగా గేమ్ ఆడే సందర్భాలు తక్కువ. కింద చెప్పిన ఎంపికలన్నీ దాదాపు ఈ వరుసను బట్టే చేసినవి.

ఉదాహరణలన్నీ ఎక్కువమంది ఆడే పద్ధతిలోవే. మేజర్ సూట్‌తో మొదలుపెట్టాలంటే ఐదు ముక్కలు ఉండాలి, 1 నోట్రంప్‌తో మొదలుపెడితే 15–17 పాయింట్లు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తంలో 40. ఇద్దరి చేతుల్లో కలిపి 25 ఉంటే నోట్రంప్‌లో గానీ మేజర్‌లో గానీ గేమ్ అందుతుంది, 33 ఉంటే నోట్రంప్‌లో చిన్న స్లామ్ (12 పట్లు) ఆశించొచ్చు.

1 నోట్రంపా, 1 ఇస్పేటా?

ఈ చెయ్యి చూడండి. ఇస్పేటు రాజు, జాకీ, 8, 5, 3. ఆఠీను ఆసు, 7. డైమను రాజు, రాణి, 4. కళావరు రాణి, జాకీ, 6. మొత్తం 16 పాయింట్లు, ఆకారం 5–2–3–3. ఐదు ఇస్పేట్లు ఉన్నాయి కదా అని చెయ్యి 1 ఇస్పేటు మీదికే పోతుంది.

నేను 1 నోట్రంప్ అంటాను. కారణం ఈ బిడ్‌లో లేదు, తర్వాతి బిడ్‌లో ఉంది. 1 ఇస్పేటు అని మొదలుపెడితే పార్ట్‌నర్ 1 నోట్రంప్ అంటారనుకోండి, అంటే 6 నుంచి 9 పాయింట్లు. ఇప్పుడు ఏమంటారు? పాస్ అంటే, అటు 9 ఉన్నప్పుడు 25 పాయింట్లతో గేమ్ వదిలేసినట్టు. 2 నోట్రంప్ అంటే 18–19 అని అర్థం, మన దగ్గర అవి లేవు. 2 కళావరు అంటే మూడు ముక్కల సూట్‌ని నాలుగు అని చెప్పినట్టు. ఎటు వెళ్ళినా చిక్కే. అదే మొదట 1 నోట్రంప్ అంటే ఒక్క బిడ్‌తో బలం మూడు పాయింట్ల పరిధిలోకి వచ్చేస్తుంది, సమతూకంగా ఉన్న చెయ్యని కూడా తెలుస్తుంది. పోయేదేమిటంటే, పార్ట్‌నర్ దగ్గర మూడు ఇస్పేట్లు ఉన్నప్పుడు 5–3 ఫిట్ (ఇద్దరికీ కలిపి తురుపుకి చాలినన్ని ముక్కలు) కొన్నిసార్లు దాగిపోతుంది. ఆ నష్టం అప్పుడప్పుడూ వచ్చేది. బలం సరిగ్గా చెప్పలేకపోవడం వల్ల వచ్చే నష్టం తరచూ వస్తుంది.

ఆకారం ఇదే అయినా బలమంతా రెండు సూట్లలోనే ఉంటే నా సలహా మారుతుంది. ఇస్పేటు ఆసు, రాజు, జాకీ, 8, 3. డైమను ఆసు, రాజు, 6. ఆఠీను 7, 4. కళావరు 9, 8, 5. ఇవి 15 పాయింట్లు, కానీ ఆఠీనులో, కళావరులో ఏమీ లేవు. నోట్రంప్ అంటే అన్ని వైపులా కొంచెం కొంచెం కాపలా ఉందని పార్ట్‌నర్ అనుకుంటారు. ఇక్కడ 1 ఇస్పేటు అంటాను, దానికి 1 నోట్రంప్ జవాబు వస్తే పాస్ చేస్తాను. 15కి పాస్ బాధించదు.

దాచిపెట్టిన ఆఠీను

నేర్చుకుంటున్నవాళ్ళని బాగా తికమకపెట్టేది ఇది, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. ఇస్పేటు రాజు, 4. ఆఠీను రాజు, జాకీ, 6, 3. డైమను 7, 5. కళావరు ఆసు, రాణి, జాకీ, 8, 2. 14 పాయింట్లు. మీరు 1 కళావరు అన్నారు, పార్ట్‌నర్ 1 ఇస్పేటు అన్నారు. ఇప్పుడు 2 ఆఠీను అనాలనిపిస్తుంది. ఉన్నవి నాలుగు ఆఠీన్లు, ఉన్నమాటే చెబుతున్నాం, తప్పేముంది?

తప్పు బలం దగ్గర ఉంది. 2 ఆఠీను విన్న పార్ట్‌నర్‌కి ఆఠీను కంటే కళావరే నచ్చిందనుకోండి. బిడ్ల వరుసలో కళావరు ఆఠీను కంటే కిందిది కాబట్టి వెనక్కి 2 కళావరుకి రావడానికి దారి లేదు, 3 కళావరు అనాల్సిందే. పార్ట్‌నర్‌ని అలా మూడో మెట్టు దాకా తోయాలంటే తోసేవాళ్ళ దగ్గర అందుకు తగ్గ బలం ఉండాలి. అందుకే దీన్ని రివర్స్ అంటారు, 17 పాయింట్లు గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడే చేస్తారు. 14తో చేస్తే పార్ట్‌నర్ ఒక రాజు అదనంగా లెక్కేసుకుంటారు. సూట్ గురించి నిజం చెప్పి బలం గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది.

మిగిలినవి రెండు. 2 కళావరు అంటే సాధారణంగా ఆరు కళావర్లు అని అర్థం, మన దగ్గర ఐదే ఉన్నాయి. రెండో బిడ్‌గా 1 నోట్రంప్ అంటే 12–14 పాయింట్లు, సమతూకమైన చెయ్యి అని అర్థం. మన డైమను 7, 5 మాత్రమే, కాపలా బొత్తిగా లేదు. నేను 2 కళావరు అంటాను. ఆసు, రాణి, జాకీ ఉన్న ఐదు ముక్కలు ఆటలో ఆరు ముక్కలంత పని చేస్తాయి, చెప్పే తప్పు మైనర్ సూట్‌లో ఒక ముక్క మాత్రమే. అదే 14 పాయింట్లు, అదే ఆకారం ఇలా పంచి ఉంటే: ఇస్పేటు రాజు, 4. ఆఠీను రాజు, రాణి, 6, 3. డైమను రాజు, జాకీ. కళావరు రాణి, 8, 6, 4, 2. అప్పుడు 1 నోట్రంప్. ఆ బక్క కళావర్లను ఆరని చెప్పుకోవడంలో అర్థం లేదు, డైమనులో కాపలా ఉంది.

మరి దాచిన ఆఠీను సంగతి? ఇక్కడ పార్ట్‌నర్ బిడ్‌లోనే ఒక సూచన ఉంది. రెండు మేజర్లూ నాలుగేసి ఉన్నవాళ్ళు మామూలుగా కింద ఉన్న ఆఠీనునే ముందు చెబుతారు. 1 ఇస్పేటు అన్నారంటే నాలుగు ఆఠీన్లు లేవు, ఉంటే ఇస్పేట్లు కనీసం ఐదు ఉన్నట్టు. అలా 5–4 ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మనం 1 నోట్రంప్ అన్నప్పుడు, తర్వాత 2 ఆఠీను తామే అనగలరు. 2 కళావరు తర్వాత అదే మాట అనడానికి కొంచెం ఎక్కువ బలం కావాలి. కాబట్టి ఆఠీను దాచడం వల్ల నష్టం జరిగే చేతులు చాలా తక్కువ. ఏ విషయం దాచినా పార్ట్‌నర్ తర్వాత తీయగలరో ఆ విషయమే దాచాలి.

ఫిట్ దొరికాక: పాయింట్లా, ఆకారమా?

నాకు బ్రిడ్జ్‌లో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. పార్ట్‌నర్ 1 ఆఠీను అన్నారు. మీ దగ్గర ఇస్పేటు 6 ఒంటి ముక్క. ఆఠీను రాజు, రాణి, 7, 4. డైమను ఆసు, 9, 5, 3. కళావరు రాజు, జాకీ, 8, 2. 13 పాయింట్లు. గేమ్ ఖాయం. ఆ గేమ్‌ని ఎలా చెప్పాలన్నదే ప్రశ్న.

సూటిగా 4 ఆఠీను అనొచ్చు. కానీ చాలామంది ఆ బిడ్‌ని తురుపు ఎక్కువ, బలం తక్కువ ఉన్న చేతికి వాడతారు. ఇద్దరి దగ్గరా కలిపి ఎన్ని తురుపు ముక్కలుంటే అన్ని పట్ల మెట్టు దాకా వెళ్ళొచ్చన్న సూత్రం మీద ఐదు తురుపులతో అవతలివాళ్ళ దారి మూసేయడానికి పనికొచ్చే బిడ్ అది. జాన్ రెనే వెర్న్ 1969లో ప్రచురించిన లెక్క ఈ సూత్రానికి మూలం. ఈ చేతితో ఆ బిడ్ వేస్తే పార్ట్‌నర్ స్లామ్ మాటే తలపెట్టరు.

జాకోబీ 2 నోట్రంప్ వాడే జంటలకు ఇంకో దారి ఉంది. నాలుగు తురుపులున్నాయి, గేమ్ ఖాయం, నీ చెయ్యి ఎలాంటిదో చెప్పు అని అడగడం. మూడోది స్ప్లింటర్, 3 ఇస్పేటు. రెండు మెట్లు ఎగిరి వేసిన ఈ బిడ్, ఇస్పేటులో నా దగ్గర ఒక్క ముక్కే ఉంది, ఆఠీను నాలుగున్నాయి, గేమ్‌కి చాలినంత బలముంది అని ఒక్కసారే చెప్పేస్తుంది.

ఇప్పుడు పార్ట్‌నర్ దగ్గర ఉండగల రెండు చేతులు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది: ఇస్పేటు రాజు, రాణి, జాకీ. ఆఠీను ఆసు, జాకీ, 8, 5, 2. డైమను జాకీ, 4. కళావరు రాణి, 6, 5. రెండోది: ఇస్పేటు 9, 5, 3. ఆఠీను ఆసు, జాకీ, 8, 5, 2. డైమను రాజు, 4. కళావరు ఆసు, రాణి, 5. రెండూ 14 పాయింట్లే, రెండూ 3–5–2–3 ఆకారమే.

మొదటి చేతితో ఇస్పేటు ఆసు, కళావరు ఆసు అవతలివాళ్ళ దగ్గరే ఉంటాయి. డైమనులో కూడా ఒక పట్టు పోయే ప్రమాదం ఉంది. 4 ఆఠీను దగ్గర ఆగడమే మంచిది. రెండో చేతితో ఒక ఇస్పేటు పట్టు ఇచ్చేసి, మిగతా రెండు ఇస్పేట్లను డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన మీ చేతిలో, తురుపుతో కోస్తే, తురుపు పట్లు ఏడు, డైమను రెండు, కళావరు నాలుగు, ఆ పోయిన ఒక్కటీ తీసేస్తే 12. 27 పాయింట్లతో స్లామ్! పాయింట్లు కలిపి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పోయే పట్లు లెక్కపెట్టే పద్ధతిలో చూసినా అంతే. ప్రతి సూట్‌లో మూడు ముక్కల దాకా లేని ఆసు, రాజు, రాణులను లెక్కేసి, ఇద్దరివీ కలిపి 24లోంచి తీసేయడం ఆ పద్ధతి. మీ చేతికి 6, పార్ట్‌నర్ చేతులు రెండిటికీ 7. రెండు చోట్లా జవాబు 11 పట్లే.

తేడా చూపేది స్ప్లింటర్ మాత్రమే. మొదటి చెయ్యి పట్టుకున్నవాళ్ళు 3 ఇస్పేటు వినగానే తమ రాజు, రాణి, జాకీ వృథా అని గ్రహించి 4 ఆఠీను అని ఊరుకుంటారు. రెండో చెయ్యి ఉన్నవాళ్ళకు తమ మూడు పనికిరాని ఇస్పేట్లు ఒక్కసారిగా బంగారమవుతాయి. ఆసుల లెక్క అడిగి 6 ఆఠీనుకి వెళ్తారు.

కాబట్టి నా సలహా ఇది. ఒంటి ముక్క మీ దగ్గరుంటే స్ప్లింటర్‌తో చెప్పండి. మీ చెయ్యి సమతూకంగా ఉంటే, చెప్పడానికి విశేషమేమీ లేదు కాబట్టి, 2 నోట్రంప్‌తో అడగండి. ఒంటి ముక్క ఆసో రాజో అయితే మాత్రం స్ప్లింటర్ వద్దు. అక్కడ చిన్న ముక్క ఉందనుకుని పార్ట్‌నర్ తన రాణిని, జాకీని తక్కువగా లెక్కేసుకుంటారు.

త్వరగా తేలిపోయేవి

అవతలివాళ్ళు 1 డైమను అన్నారు. మీ దగ్గర ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, 9, 5. ఆఠీను రాజు, 8, 4. డైమను 6. కళావరు రాజు, 10, 7, 3. డబులా, 1 ఇస్పేటా? 1 ఇస్పేటే. డబుల్ అంటే మిగతా మూడు సూట్లలో ఏదైనా సరే అని అర్థం, అప్పుడు ఐదో ఇస్పేటు ఎప్పటికీ బయటపడదు. ఇస్పేట్లు నాలుగే ఉండి, ఆఠీన్లు కూడా నాలుగుంటే డబుల్ చక్కగా సరిపోతుంది. 18కి పైగా పాయింట్లుంటే ముందు డబుల్ చేసి తర్వాత ఇస్పేటు చెప్పాలి, అది బలాన్ని చెప్పే దారి.

బలహీనమైన 2 ఆఠీను, లేదా పాస్: ఆఠీను రాజు, రాణి, జాకీ, 9, 7, 3 ఉండి బయట ఏమీ లేకపోతే నిస్సంకోచంగా 2 ఆఠీను. అదే 6 పాయింట్లు బయటి సూట్లలో ఉండి, ఆఠీను 9, 8, 6, 4, 3, 2 అయితే పాస్. పక్కన నాలుగు ఇస్పేట్లున్నా పాసే మంచిది, 2 ఆఠీను అంటే ఆ ఇస్పేటు ఫిట్ ఇక దొరకదు. ఈ బిడ్ వేసినవాళ్ళు ఒక మాట గుర్తుంచుకోవాలి. చెప్పాల్సిందంతా అందులోనే చెప్పేశారు, పార్ట్‌నర్ అడగకుండా మళ్ళీ బిడ్ వేయకూడదు.

4 నోట్రంప్‌తో ఆసులు అడగడం గురించి కూడా చెప్పాలి. ఒక సూట్ బొత్తిగా లేని చేతితో అడిగితే, పార్ట్‌నర్ చెప్పిన ఆసు ఆ లేని సూట్‌లోదో కాదో తెలియదు. బయటి సూట్‌లో ఆసు, రాజు రెండూ లేకుండా అడిగినా అంతే, మొదటి రెండు పట్లు అక్కడే పోవచ్చు. ఇలాంటి చేతులతో ఒక్కో సూట్‌లో ఉన్న పట్టును క్యూ బిడ్‌తో చెప్పుకుంటూ పోవడమే మేలు.

ఏ పద్ధతి మీ జంటకి?

ఎకాల్ అనే బిడ్డింగ్ పద్ధతి 1930ల్లో లండన్‌లో పుట్టింది. మేజర్‌కి నాలుగు ముక్కలు చాలు, 1 నోట్రంప్ అంటే 12–14. నూరు చేతుల్లో 20కి అటూ ఇటూగా 12–14 పాయింట్లు వస్తాయి, 15–17 దాదాపు 10 సార్లే. అంటే బలహీన నోట్రంప్ రెట్టింపు తరచుగా మీ చేతిని ఒక్క మాటలో చెప్పేస్తుంది. అవతలివాళ్ళు బలంగా ఉన్నప్పుడు దెబ్బ తినే ప్రమాదం కూడా దాంతోపాటే పెరుగుతుంది. ఐదు ముక్కల మేజర్ పద్ధతిలో పార్ట్‌నర్ మూడు ముక్కలతోనే ధైర్యంగా మద్దతివ్వగలరు. నా వరుసలో మేజర్ పొడవు గురించిన తప్పే మొదటిది కాబట్టి, కొత్త జంటలకి నేను దీన్నే సూచిస్తాను.

ప్రెసిషన్‌ది వేరే దారి. సి.సి. వెయ్ తయారుచేసిన ఈ పద్ధతితో 1969 బెర్ముడా బౌల్ అనే ప్రపంచ పోటీలో తైవాన్ జట్టు రెండో స్థానం దాకా వెళ్ళింది. 16కి పైబడిన చేతులన్నీ 1 కళావరుతో మొదలవుతాయి, కాబట్టి మిగతా ఓపెనింగ్‌లు 11–15కి పరిమితం. బలం గురించి తప్పు చెప్పే అవకాశం బాగా తగ్గుతుంది. కాకపోతే ఇద్దరూ కూర్చుని గుర్తుపెట్టుకోవాల్సింది ఎక్కువ. వారానికోసారి కలిసే జంటకి ఇది బరువు, కలిసి చదివే ఓపిక ఉన్నవాళ్ళకి మాత్రం నిజంగా బాగుంటుంది.

ఏ పద్ధతైనా, చెప్పేది బిడ్ మాత్రమే చెప్పాలి. చాలాసేపు ఆలోచించి పాస్ అనడం, డబుల్ కార్డును గట్టిగా పెట్టడం కూడా సమాచారమే, అయితే దాన్ని పార్ట్‌నర్ వాడుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. మీ ఇద్దరి మధ్య బిడ్‌కున్న అర్థం అవతలివాళ్ళు అడిగితే చెప్పాల్సిందే. అందుకే ఇలాంటి టెన్షన్ పెట్టే చేతుల్లో ఎలా వెళ్ళాలో ఆటకి ముందే మాట్లాడుకోవడం మంచిది.

మీ జంట ఎక్కడ తప్పుతోందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీరు డిక్లేరర్ (బిడ్ గెలిచి రెండు చేతులూ ఆడేవారు) అయినప్పుడు, బిడ్డింగ్ అయిపోయి డమ్మీ ముక్కలు పరిచే లోపు, పార్ట్‌నర్ చేతిలో ఎన్ని పాయింట్లో, ఏ సూట్‌లో ఎన్ని ముక్కలో మనసులో అనుకోండి. పరిచాక పోల్చుకోండి. తరచూ పాయింట్లు తేడా వస్తుంటే ఏ బిడ్‌కి ఎంత బలమో మీ ఇద్దరూ ఒకేలా అనుకోవడం లేదన్నమాట, ఆ పరిధులు కాగితం మీద రాసుకోండి. ముక్కల సంఖ్యలో తేడా వస్తుంటే రెండో బిడ్ దగ్గర చూడండి, ఎక్కువసార్లు గొడవ అక్కడే ఉంటుంది. "2 కళావరు అన్నప్పుడు నా దగ్గర ఏముందనుకున్నారు?" అని ఆట అయ్యాక అడగండి, జవాబు విన్నాకే మీ ముక్కలు చూపించండి.